రెండంకెలు తారుమారు, ఎనిమిది వేల కారణాంకాలు గల్లంతు

సంపాదకులు గారికి,

విషయం: గణిత దినోత్సవం నాటి పిల్లల పేజీలో అచ్చయిన పెద్ద సంఖ్య గురించి

అయ్యా,

డిసెంబరు 22న మీ విశాఖ ఎడిషన్ పిల్లల పేజీలో రామానుజన్ మీద వేసిన చిన్న పెట్టె బాగుంది. ఏటా అదే టాక్సీ, అదే 1729తో సరిపెట్టేయకుండా, ఆయన 1915లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో ప్రచురించిన వ్యాసం దాకా వెళ్ళి, అందులో కారణాంకాలు మరీ ఎక్కువగా ఉన్న సంఖ్యల పట్టికలో ఆఖరి సంఖ్యను పట్టుకొచ్చారు. మెచ్చుకోవాల్సిందే. కాకపోతే తెచ్చిన సంఖ్య తప్పుపడింది. మీరు వేసింది 6746238388800. ఉండాల్సింది 6746328388800. మధ్యలో 3, 2 అటుదిటు ఇటుదటు అయ్యాయి, అంతే.

అంతే అనడానికి లేదు. పక్కనే ‘ఈ సంఖ్యకు 10080 కారణాంకాలున్నాయి’ అని రాశారు. సరైన సంఖ్యకు ఆ మాట అక్షరాలా నిజం. మీరు అచ్చేసిన సంఖ్యకు మాత్రం ఎంత గింజుకున్నా 2016కు మించి ఉండవు. ఈ సంగతి తేల్చడానికి కంప్యూటర్ అక్కర్లేదు. ఎనిమిదో తరగతి లెక్కలు, అర ఠావు కాగితం చాలు. అది ఎలాగో మీ ప్రూఫులు చూసేవారికీ, పెట్టె చదివి లెక్క వేసి కుదరక తల పట్టుకున్న పిల్లలకూ ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాం.

ముందు దీన్ని చదవడం. 13 అంకెలు. మన పద్ధతిలో 6 లక్షల 74 వేల 632 కోట్ల 83 లక్షల 88 వేల 800. ఇంగ్లిషు వార్తల్లో అయితే 6.7 ట్రిలియన్లు అంటారు. ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. (దాన్ని వెయ్యి కోట్లుగా తర్జుమా చేసే బిజినెస్ పేజీల సంగతి వేరే ఉత్తరానికి సరిపడా ఉంది, ఇక్కడ వద్దు.) కామాలు మన లెక్కన పెడితే 67,46,32,83,88,800. మూడేసి అంకెలకొకటి చొప్పున పెడితే 6,746,328,388,800. చదువుకోడానికి మన కామాలు హాయి. తప్పు పట్టుకోడానికి మాత్రం మూడేసి అంకెల గుంపులే పనికొస్తాయి.

ఎందుకంటే 7 × 11 × 13 = 1001. వెయ్యి దానికన్నా ఒకటి తక్కువ. అంచేత 1001తో భాగించేటప్పుడు వెయ్యి స్థానంలో ఉన్న గుంపు తీసివేతగా లెక్కకొస్తుంది, పది లక్షల స్థానంలోది మళ్ళీ కూడికగా, ఆ పైది మళ్ళీ తీసివేతగా. కుడి నుంచి గుంపుల్ని ఒకసారి కలుపుతూ, ఒకసారి తీసేస్తూ పోతే చివరికి మిగిలేది 7తో పోతే అసలు సంఖ్యా 7తో పోతుంది. 11కీ 13కీ అదే సూత్రం. చిన్నదాని మీద చేయి తిరగాలంటే గాజువాక పిన్ కోడ్ తీసుకోండి: 530026. రెండే గుంపులు. 530లోంచి 26 తీస్తే 504. అది 7 × 72. కాబట్టి 530026 ఏడుతో నిశ్శేషంగా పోతుంది. 504 అటు 11తో గానీ ఇటు 13తో గానీ పోదు, కాబట్టి పిన్ కోడూ పోదు.

ఇప్పుడు సరైన పెద్ద సంఖ్య: 800 − 388 + 328 − 746 + 6. వరసగా వేస్తే 412, 740, −6, చివరికి సున్నా. 7, 11, 13 మూడింటితోనూ ఒక్క దెబ్బకు పోయింది. మీ పెట్టెలోని సంఖ్యకు అదే పని చేస్తే 800 − 388 + 238 − 746 + 6 = −90. ఈ 90 అటు 7తో పోదు, 11తో పోదు, 13తో పోదు. పది వేలకు పైగా కారణాంకాలున్న 13 అంకెల సంఖ్య ఈ మూడింటిలో ఒక్కదానితోనూ పోకపోవడమా? అక్కడే అనుమానం రావాలి.

చాలామందికి తెలిసిన పరీక్ష అంకెలు కూడటం. దాన్ని నమ్ముకునే ఇలాంటి తప్పులు దాటిపోతాయి. రెండు సంఖ్యల్లోనూ అంకెల మొత్తం 63. రెండూ 9తో పోతాయి. అంకెలు ఏ వరసలో ఉన్నా మొత్తం మారదు గనక తారుమారును ఈ పరీక్ష ఎప్పటికీ పట్టలేదు. ఒక అంకె బదులు వేరే అంకె పడితే పట్టగలదు, అందులోనూ 0 బదులు 9 గానీ 9 బదులు 0 గానీ పడితే చేతులెత్తేస్తుంది.

పదకొండు పరీక్ష వేరు. కుడి నుంచి బేసి స్థానాల అంకెలు ఒకవైపు, సరి స్థానాలవి ఇంకోవైపు కూడి తేడా చూడాలి. సరైన సంఖ్యలో 37, 26, తేడా 11. మీరు వేసిన దాంట్లో 36, 27; తేడా 9. పక్కపక్క అంకెలు రెండు తారుమారైతే ఈ తేడా ఆ రెండంకెల వ్యత్యాసానికి రెట్టింపు మారుతుంది. అంటే 2, 4, 6 అలా 18 దాకా ఏదో ఒక సరిసంఖ్య. ఆ మధ్యలో ఉన్న 11 గుణిజం 11 ఒక్కటే, అదేమో బేసి. కాబట్టి 11తో పోవాల్సిన సంఖ్యలో పక్కపక్క తారుమారు దీని కన్నుగప్పడం అసాధ్యం.

తప్పు ఉందని తేలాక, ఎక్కడుందో కూడా ఆ −90 చెప్పేస్తుంది. ఒక గుంపులో ఒకట్లు, పదులు మారితే తేడా 9 రెట్లలో వస్తుంది, గరిష్ఠంగా 81. రెండు గుంపుల సరిహద్దులో మారితే 101 రెట్లలో వస్తుంది. సరిగ్గా 90 రావాలంటే ఒకే గుంపులో వందలు, పదులు మారాలి, ఆ రెండంకెలకూ తేడా ఒకటే ఉండాలి. 800లో 8, 0. 388లో 3, 8. 746లో 7, 4. వీటిలో ఏదీ కుదరదు. మిగిలింది 238. దాన్ని 328 చేస్తే 90 పెరిగి మొత్తం సున్నా అవుతుంది. పుస్తకం తెరవకుండానే, పక్కపక్క అంకెలు మారాయన్న ఒక్క ఊహ మీద, సరైన సంఖ్య బయటపడింది.

ఇక విడగొట్టడం. పెద్ద సంఖ్య అనగానే భయపడతారు గానీ ఇది వేరుశనక్కాయలా ఒలుచుకుని వస్తుంది. చివరి రెండు సున్నాలు తీస్తే 100 పోయింది, అంటే రెండు 2లు, రెండు 5లు. మిగిలింది 67463283888. చివర 888 ఉంది గనక 8తో పోతుంది: 8432910486. ఇంకోసారి సగం చేస్తే 4216455243, ఇది బేసి. ఇక్కడికి మొత్తం ఆరు 2లు. అంకెల మొత్తం 36, తొమ్మిదితో భాగిస్తే 468495027. మళ్ళీ మొత్తం 45, మళ్ళీ తొమ్మిదితో: 52055003. ఇప్పుడు మొత్తం 20, మూడు పని అయిపోయింది. నాలుగు 3లు వచ్చాయి.

ఈ 52055003 దగ్గర ఒక్క క్షణం ఆగి చూడండి. గుంపులు 52, 055, 003. మూడులోంచి 55 తీసి 52 కలిపితే సున్నా. అంటే 1001తో నేరుగా పోతుంది, భాగఫలం 52003. అందులో 52లోంచి 3 తీస్తే 49, కాబట్టి ఇంకో 7 ఉంది: 7429. పదిహేడు పెడితే 437. నాలుగు వందల ముప్ఫై ఏడును చూడగానే 441లో 4 తక్కువ అని తట్టాలి. 21 వర్గంలోంచి 2 వర్గం తీసేయడం, అంటే 19 × 23. అయిపోయింది.

6746328388800 = 2⁶ × 3⁴ × 5² × 7² × 11 × 13 × 17 × 19 × 23.

అచ్చయిన సంఖ్యకు ఇదే పని మొదలుపెడితే 2లు ఆరు, 5లు రెండు, 3లు రెండు బాగానే ఊడి వస్తాయి. 468488777 దగ్గర బండి ఆగిపోతుంది. దాని అంకెల మొత్తం 59, మూడుతో పోదు. 7 నుంచి 23 దాకా ప్రధాన సంఖ్యలు ఒక్కొక్కటీ పెట్టి చూడొచ్చు గానీ అంత శ్రమ ఎందుకు? సరైన సంఖ్యకూ తప్పు సంఖ్యకూ తేడా సరిగ్గా 9 కోట్లు. తొమ్మిది కోట్లలో ఉన్నవన్నీ 2లు, 3లు, 5లే. 7, 11, 13, 17, 19, 23 ఆరూ సరైన సంఖ్యను భాగిస్తాయి, 9 కోట్లను భాగించవు. అందుకని తప్పు సంఖ్యను ఆరింటిలో ఒక్కటి కూడా భాగించదు. రెండంకెలు జరిగినందుకు ఆరు ప్రధాన కారణాంకాలూ ఒకేసారి రాలిపోయాయి.

ఆ 468488777 అసలు ప్రధాన సంఖ్యా, కాదా అన్నది తేల్చకుండానే దాని కారణాంకాలకు హద్దు గీయొచ్చు. దానిలో ఏ ప్రధాన కారణాంకం ఉన్నా 29 గానీ అంతకన్నా పెద్దది గానీ కావాలి. 29ని ఆరుసార్లు గుణిస్తే 59,48,23,321. మనది 46,84,88,777, దానికన్నా చిన్నది. కాబట్టి ఆరు పట్టవు, మహా అయితే ఐదు. ఐదూ వేర్వేరు అనుకున్నా కారణాంకాలు 2 × 2 × 2 × 2 × 2 = 32. విడిగా తీసిన 2⁶ × 3² × 5² భాగానికి 7 × 3 × 3 = 63. రెండూ గుణిస్తే 2016. పదివేల ఎనభైలో సరిగ్గా ఐదో వంతు. కనీసం 8064 కారణాంకాలు అచ్చులో పోయాయన్నమాట.

కారణాంకాల లెక్కింపు దగ్గర పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. 2⁶ ఉంటే ఆరు ఎంపికలనుకుంటారు. ఏడు. రెండును అసలు తీసుకోకపోవడం కూడా ఒక ఎంపికే. అలా 2కి 7, 3కి 5, 5కి 3, 7కి 3, మిగిలిన ఐదు ప్రధానాలకు తలా 2. మొత్తం 7 × 5 × 3 × 3 × 32 = 10080. ఈ 10080 ఎంతో ఊహకందాలంటే వారానికి ఎన్ని నిమిషాలో లెక్కేయండి. 7 × 24 × 60, అదే 10080. నిమిషానికొక కారణాంకం చొప్పున నిద్ర, తిండి మానేసి రాస్తూ కూర్చుంటే ఈ ఆదివారం పొద్దున్న మొదలుపెట్టినవాళ్ళు వచ్చే ఆదివారం పొద్దున్నకు ముగిస్తారు. అందులో సగం, అంటే 5040, వర్గమూలం లోపే దొరుకుతాయి. వర్గమూలం 25,97,369కి పైన, 25,97,370కి లోపు. ప్రతి చిన్న కారణాంకానికీ పెద్ద జత ఒకటుంటుంది గనక సగం రాస్తే మిగతా సగం భాగించి తెచ్చుకోవచ్చు.

ఆ పది వేలలో బేసివి 1440 మాత్రమే. సున్నాతో ముగిసేవి 5760, అంటే ఏడింటిలో నాలుగు. వర్గ సంఖ్యలు 48. 1 నుంచి 28 దాకా ఏ సంఖ్యతో భాగించినా శేషం రాదు, మొదట మొండికేసేది 29. 1 నుంచి 28 దాకా సంఖ్యలన్నిటి క.సా.గు. 80313433200. దానికి 84 రెట్లు మన సంఖ్య. కారణాంకాలన్నీ కూడితే సంఖ్యకు దాదాపు 5.84 రెట్లు వస్తుంది. ఈ 5.84 ఊరికే చెప్పడం లేదు. ఫ్రెంచ్ గణితజ్ఞుడు రోబిన్ 1984లో కారణాంకాల మొత్తానికి ఒక హద్దు చూపించాడు. 5040 దాటిన ప్రతి సంఖ్యా ఆ హద్దు లోపల ఉంటే రీమన్ ఊహ (ప్రధాన సంఖ్యల అమరిక గురించి ఇంకా తేలని ప్రసిద్ధ సమస్య) నిజం, ఒక్కటి దాటినా అబద్ధం. మన సంఖ్యకు ఆ హద్దు సుమారు 6.03 రెట్లు. లోపలే ఉంది, కానీ అంచుకు దగ్గరగా.

రామానుజన్ వీటిని పట్టికలో ఎందుకు పెట్టాడన్నది మీ పెట్టెలో సరిగ్గా రాలేదు. ‘ఎక్కువ కారణాంకాలున్న సంఖ్యలు’ అన్నారు. ఎక్కువంటే ఎంత? తనకన్నా చిన్న సంఖ్య దేనికీ తనకున్నన్ని కారణాంకాలు ఉండకూడదు, అదీ షరతు. 12కి ఆరు ఉన్నాయి, అంతకు చిన్న ఏ సంఖ్యకూ ఆరు లేవు. 24, 60, 360 అలాంటివే. డజనుకూ, రోజుకూ, గంటకూ, చుట్టుకొలతకూ పాతకాలం వాళ్ళు ఎంచుకున్న సంఖ్యలు పంపకానికి ఇంత అనువుగా ఉండటం యాదృచ్ఛికం కాదు. మన పెద్ద సంఖ్య ఆ జాతిలోదే.

ఈ జాతి సంఖ్యల్లో ఘాతాంకాలు ఎప్పుడూ మెట్లు దిగుతాయి: 6, 4, 2, 2, 1, 1, 1, 1, 1. మెట్టు పైకెక్కదు. ఎక్కిందనుకోండి, ఉదాహరణకు 3 కన్నా 5కి ఎక్కువ ఘాతాంకం ఉంటే, ఆ రెండు ఘాతాంకాలూ మార్చేస్తే కారణాంకాల సంఖ్య అంతే ఉండి సంఖ్య చిన్నదవుతుంది, షరతు అక్కడే తప్పుతుంది. ఆఖరి ప్రధానం ఘాతాంకం ఒకటే ఉంటుంది, 4, 36 రెండింటికే మినహాయింపు. ఇది రామానుజన్ నిరూపించినదే.

మెట్లు దిగితే సరిపోదు, తూకం కూడా కుదరాలి. ఒక 3 తీసేసి దాని బదులు 2 పెట్టి చూడండి. సంఖ్య చిన్నదైంది, కారణాంకాలు 8 × 4 × 9 × 32 = 9216కి పడిపోయాయి. ఒక 7 తీసి 2, 3 పెట్టండి. ఆరు ఏడుకన్నా చిన్నదే, కానీ మళ్ళీ 9216. 23 తీసి నాలుగు 2లు పెడితే 7920. ఒక 5 బదులు రెండు 2లు పెడితే 8640. ఎటు కదిపినా నష్టమే. ఇవి నాలుగు కదలికలు మాత్రమే, పూర్తి నిరూపణ కాదు. చిన్నవాటన్నిటినీ పద్ధతిగా ఏరి కొట్టిపారేయడంలోనే ఆ వ్యాసం బరువంతా ఉంది. దాని మీదే 1916లో ఆయనకు కేంబ్రిడ్జిలో పట్టా వచ్చింది. సొసైటీకి అప్పట్లో డబ్బు ఇబ్బంది ఉండటంతో వ్యాసంలో కొంత భాగం అచ్చుకే నోచుకోలేదు. అది 1997లో గానీ నికొలా, రోబిన్‌ల వ్యాఖ్యలతో వెలువడలేదు. పైన చెప్పిన రోబినే.

పట్టికలో 102 సంఖ్యలున్నాయి. చేత్తో వేసిన లెక్క. అందులో ఒక్కటి జారిపోయింది: 293318625600. విడగొడితే 2⁶ × 3⁴ × 5² × 7² × 11 × 13 × 17 × 19. పైన రాసిన దాంతో పోల్చండి. 23 ఒక్కటే లేదు. జారిపోయిన సంఖ్యను 23తో గుణిస్తే పట్టికలో ఆఖరి సంఖ్య వస్తుంది. దాని కారణాంకాలు సగం, 5040. అంతకు ముందున్న 240940299600కి 4800 ఉన్నాయి, తర్వాతి 321253732800కి 5376. ఈ రెండింటి మధ్య ఆ 5040 ఉండాల్సిన చోటు ఖాళీ. అంతటివాడి చేతిలోనూ జారింది గనక మీ డెస్కును నిందించే ఉద్దేశం మాకు లేదు. కాకపోతే ఆయన వదిలేశాడు గానీ వేసిన అంకె తప్పు వేయలేదు.

తప్పు ఎక్కడ దొర్లి ఉంటుందో ఊహించగలం. దుకాణాల్లో వాడే 12 అంకెల క్యాలిక్యులేటర్‌లో ఈ సంఖ్య పట్టనే పట్టదు. ఎక్సెల్ గడిలో ఊరికే కొడితే 6.74633 పక్కన పది ఘాతం 12 అని చూపిస్తుంది, దాన్ని చూసి ఎవరో మళ్ళీ అంకెలు కొడతారు. ఎక్సెల్‌కు 15 అంకెల దాకా గుర్తుంటాయి, కాబట్టి మన 13కు ఇబ్బంది లేదు, గడి వెడల్పు చేసి నంబరు ఫార్మాట్ పెడితే మొత్తం కనిపిస్తుంది. పదహారో అంకె నుంచి మాత్రం చెప్పకుండా సున్నాలు వేసేస్తుంది. అంతకన్నా పొడవైనవి టెక్స్టుగా పెట్టుకోవాల్సిందే.

మేం చెప్పిన పరీక్షలూ సర్వరోగనివారిణులు కావు. చివర ఒక సున్నా రాలిపోయిందనుకోండి, 9, 7, 11, 13 అన్నీ యథాతథంగా పోతాయి. వాటికి ఏమీ తెలియదు. కారణాంకాలు మాత్రం 5760కి పడిపోతాయి. అందుకే మొదట అంకెలు లెక్కపెట్టాలి, పదమూడు ఉన్నాయా లేదా అని. మధ్యలో ఒక అంకెను వదిలి అటూ ఇటూ ఉన్నవి మారితే తేడా 99 రెట్లలో వస్తుంది, 9, 11 రెండూ మోసపోతాయి, 13 పట్టుకుంటుంది. 746, 388 లాంటి గుంపులు మొత్తంగా చోటు మారితే 1001 పరీక్ష కూడా ఓకే చెప్పేస్తుంది, అప్పుడు 17తో భాగించి చూడక తప్పదు.

ఇదంతా పుస్తకాల లెక్క అనుకునేవాళ్ళు పోర్టు రోడ్డులో వెళ్ళే కంటెయినర్ లారీ వెనక ఒకసారి చూడాలి. నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, ఆరంకెలు, ఆపైన చిన్న చదరంలో ఇంకో అంకె ఉంటాయి. ఆ చదరంలోది సరుకుకు సంబంధించింది కాదు, పదకొండు పరీక్ష. ప్రమాణాల పుస్తకాల్లో ఎప్పుడూ ఇచ్చే ఉదాహరణ సి, ఎస్, క్యూ, యు 305438, చదరంలో 3. అక్షరాలకు విలువలు 10 నుంచి మొదలవుతాయి. 11, 22, 33 వదిలేస్తారు, పదకొండు లెక్కలో అవి సున్నాతో సమానం గనక. అలా సి 13, ఎస్ 30, క్యూ 28, యు 32. వరసగా 1, 2, 4, 8 నుంచి 512 దాకా రెట్టిస్తూ గుణించి కూడితే 13 + 60 + 112 + 256 + 48 + 0 + 320 + 512 + 768 + 4096 = 6185. పదకొండుతో భాగిస్తే శేషం 3. చదరంలో ఉన్నది అదే. గుమాస్తా రెండు పక్క అంకెలు తారుమారు చేస్తే శేషం మారుతుంది. శేషం 10 వస్తే 0 అని రాస్తారు, ఆ ఒక్కచోటే కాస్త కంత ఉంది. మన ఆధార్ నంబరులో పన్నెండో అంకె కూడా కాపలా అంకే. అది వెర్హోఫ్ అనే డచ్ గణితజ్ఞుడి పద్ధతి, ఒక అంకె తప్పినా, పక్క అంకెలు రెండు మారినా పట్టేస్తుంది.

పత్రికలో అచ్చయ్యే పెద్ద సంఖ్యకు ఇలాంటి కాపలా అంకె ఉండదు. ఉండాల్సిన పనీ లేదు, పక్కన దాని ప్రధాన కారణాంకాలు వేస్తే అదే కాపలా. 2⁶ × 3⁴ × 5² × 7² × 11 × 13 × 17 × 19 × 23 అని ఒక వరస వేసి ఉంటే ఏ పదో తరగతి పిల్లో గుణించి చూసి అదే రోజు మీకు ఫోన్ చేసేది. ఒక వరస చోటు ఎక్కువ పడుతుందంటారా, బొమ్మ కొంచెం చిన్నది చేయండి. సంఖ్యా సిద్ధాంతంలో పేరున్న సర్వదమన్ చౌలా 1933 నుంచి 1936 దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చెప్పారు. గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు ఇక్కడే గణితం చదువుకున్నారు. ఆ ఊరి పిల్లలకు బొమ్మ కన్నా ఆ వరసే ఎక్కువ ఆసక్తి.

సవరణ వేసేటప్పుడు ‘ఫలానా సంఖ్యలో అచ్చుతప్పు దొర్లింది, చింతిస్తున్నాం’ అని ఊరుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఈ కింది మాటలు యథాతథంగా వేయవలసిందిగా కోరుతున్నాం. ప్రూఫు చూసేటప్పుడు 800 − 388 + 328 − 746 + 6 ఒకసారి వేసి సున్నా వచ్చాకే పేజీ వదలండి.

‘సవరణ: డిసెంబరు 22 పిల్లల పేజీలో 6746238388800 అని ఉన్నచోట 6746328388800 అని చదువుకోవాలి. మూడో గుంపు: 238 కాదు, 328. దీని కారణాంకాలు 10080. రామానుజన్ పట్టికలో జారిపోయిన 293318625600కి ఇది 23 రెట్లు.’

మొత్తం ఉన్నవే ఐదు గుంపులు. ఎడమ నుంచి లెక్కపెట్టినా, కుడి నుంచి లెక్కపెట్టినా 328 మూడోదే.

భవదీయులు,
కొందరు గణిత అధ్యాపకులు,
విశాఖపట్నం